మందు పూసిన రోజు పాలు

ఆ ఏడు చలికాలం మొదట్లో పొద్దున్నే మా కొట్టంలోంచి గరగరమని చప్పుడు వచ్చేది. మేకలు బండలకు ఒళ్లు రాసుకుంటున్న చప్పుడు. వారం రోజులు విన్నాను. విని కూడా విననట్టే పాలు పిండుకున్నాను. ఒంట్లో ఓపిక లేనప్పుడు చెవులు కూడా మనకు అనుకూలంగానే వింటాయి.

మాది జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు పోయే దారిలో, రోడ్డు దిగి రోంత దూరం లోపలికి నడవాల్సిన ఊరు. మా ఆయన చాలా ఏండ్లు పులివెందుల నుంచి చీనీకాయలు, అవే బత్తాయిలు, మోసే లారీ తోలాడు. మోకాళ్లు అరిగి, క్లచ్చి తొక్కలేక ఇంటి పట్టున కూర్చున్నాక మేకలు పెట్టుకున్నాం. పాలిచ్చేవి తొమ్మిది. కొట్టం గోడలు కడప బండలు నిలబెట్టి కట్టినవి, పైన రేకులు. కూర్చుని చేయగలిగిన పని ఆయన చేస్తాడు, వంగి చేయాల్సిందంతా నాది. పొద్దున పాలు పిండాలి, తర్వాత బడిలో పిల్లలకు అన్నం వండే పనికి పోవాలి, వచ్చి ఆకు కోసుకురావాలి, మాపటేళ మళ్లీ పాలు పిండాలి. ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడే నా నడుము గోడకు ఆనేది. చాలాసార్లు వాక్యం వింటూనే నిద్రపోయాను. పాస్టరమ్మ చూసి కూడా లేపేది కాదు.

పొద్దుటి పాలు ఊర్లోనే మూడిళ్లకు పోసేదాన్ని. మాపటి పాలు మాత్రం బస్సెక్కి ప్రొద్దుటూరులో ఒకే ఇంటికి తీసుకుపోయేదాన్ని. ఆ ఇంట్లో ఉండేది ఒక ముసలామె, ఆమె మనవరాలు. ముసలామె భర్త దర్జీ పని చేసి చనిపోయాడు. కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయింది. మూడేండ్ల మనవరాలికి బర్రెపాలు పడవు, తాగితే కడుపు కదులుతుంది. ఎవరో చెబితే మేకపాలు మొదలుపెట్టారు, అవి పడ్డాయి. నేను పోయే సరికి ఆ పిల్ల స్టీలు గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుని ఉండేది. ముసలామెను నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను అమ్మీ అనేది, నాకు యాభై దాటినా సరే. బస్సు ఆలస్యమైతే టీ ఇచ్చి కూర్చోబెట్టేది. ఆ సమయానికే కువైట్ నుంచి కూతురు వీడియో కాల్ చేసేది. పిల్ల పాలు తాగేది చూస్తే గానీ ఫోను పెట్టేది కాదు.

ఆ చప్పుడు పేల వల్ల. అవి మా కొట్టంలోకి ఎట్లా వచ్చాయో నాకు బాగా తెలుసు. పులివెందుల సంతలో మా ఆయన ఒక ఈనిన మేకను చూసి ముచ్చటపడి కొన్నాడు. కొత్త మేకను కొన్నాళ్లు విడిగా కట్టేయాలని మాకు తెలియక కాదు. విడిగా కట్టేయడానికి ఇంకో చోటు, విడిగా నీళ్లు పెట్టడానికి ఇంకో తొట్టి, ఇంకోసారి వంగడానికి ఇంకో నడుము కావాలి. అన్నిటితో పాటే కట్టేశాను.

చప్పుడు మొదలైన వారానికి ముసలి నల్ల మేకను పట్టుకుని మెడ కింద వెంట్రుకలు పాయలు తీసి చూశాను. తోలు నిండా పేలు, వెంట్రుకలకు అంటుకుని తెల్లటి గుడ్లు. చెవుల వెనక నెత్తురు తాగి పిడుదులు కందిగింజల మాదిరి ఉబ్బి ఉన్నాయి. కంటి రెప్ప తిప్పి చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయింది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. తొమ్మిదింటికీ అదే కథ. పాలు కూడా తగ్గాయి.

ఆ మరుసటి రోజు బడి పని ముగించుకుని జమ్మలమడుగు పోయి పశువుల మందుల అంగట్లో అడిగాను. అంగడాయన మంచోడు. అడగంగానే ఏదో ఒకటి చేతిలో పెట్టలేదు.

"పాలిచ్చే మేకలా?" అన్నాడు.

"అవునప్పా."

"అయితే పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మను అడుగు. పాలిచ్చేవాటికి అన్ని మందులూ పనికిరావు. ఏది వాడినా ఆమె చెప్పినన్ని దినాలు పాలు పారబోయాల. మళ్లా రెండు వారాలకు ఇంగోసారి వాడాల, గుడ్లు చావవు కదా."

ఆసుపత్రి అక్కడికి దూరం కూడా కాదు. కానీ నా చెవిలో మిగిలింది ఒకే మాట. పారబోయాల. ఆ పిల్ల గడప మీద గ్లాసుతో కూర్చునేది గుర్తొచ్చింది. అది కూడా ఒక సాకే, ఇప్పుడు ఒప్పుకుంటాను. అసలు సంగతి, నాకు ఇంకొక పని మొదలుపెట్టే శక్తి లేదు. ఆసుపత్రి దిక్కు పోకుండా బస్సెక్కి ఇంటికొచ్చాను.

మా పక్క తోట చీనీ తోట. ఆ తోటాయన్ను ఊరంతా మామా అని పిలుస్తుంది. నా మొహం చూసి ఏందమ్మా అట్లుండావని అడిగితే చెప్పాను.

"ఈ మాత్రానికి జమ్మలమడుగు దాకా పోయినావా?" అన్నాడాయన. "చెట్లకు కొట్టే మందు ఉండాది నా దగ్గర. రోంత నీళ్లల్లో కలిపి గుడ్డతో పూయి. పేలేంది, వాటి తాతలు కూడా రాలిపోతాయి."

"పాలిస్తాండాయి కదా మామా."

"పొదుగుకు పూయొద్దు. అంతే."

సీసా అడుగున మిగిలిన మందు ఇచ్చాడు. మరుసటి రోజు బడికి సెలవు. మా ఆయన తెలిసినోళ్ల ఇంట్లో చావుకని తెల్లవారే పులివెందుల పోయాడు. పొద్దుటి పాలు పిండి, ఊర్లో పోసి వచ్చి, బకెట్లో ఆ మందు కలిపాను. రోంత అంటే ఎంతో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ముక్కుకు కొంగు కట్టుకుని, పాత లుంగీ గుడ్డ ముంచి, తొమ్మిదింటికీ మెడ నుంచి తోక దాకా రుద్దాను. పొదుగు దగ్గర చెయ్యి ఆపాను. ఆపాననుకున్నాను. మేక తడిసిన ఒంటితో పండుకుంటే పొదుగు యాడుంటుందో, నాకితే మందు యాడికి పోతుందో ఆలోచించలేదు. మధ్యాహ్నానికి పేలు నిజంగానే రాలాయి. బండల మీద నల్లగా పడి ఉంటే చూసి, చాలా రోజుల తర్వాత నేను రోంతసేపు పండుకున్నాను.

మాపటేళ లేచి పొదుగులు కడిగి పాలు పిండాను. నల్ల మేక ఆకు ముట్టలేదు. చూశాను. బస్సుకు టైమవుతోందని వదిలేశాను. పాలు వడగట్టేటప్పుడు వాసన తగిలింది. చీనీ తోటలో మందు కొట్టిన రోజు గాలిలో ఉండే వాసన, పలచగా. నా చేతులదేమో అనుకుని సబ్బుతో కడుక్కుని మళ్లీ వాసన చూశాను. క్యాను మూత బిగించాను.

ఆ పాలు ప్రొద్దుటూరుకు తీసుకుపోయాను. పోశాను. పిల్ల గ్లాసు చాపింది. నేను ఆగకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

తెల్లవారి కొట్టంలోకి పోతే నల్ల మేక పక్కకు పడి ఉంది. నోటి వెంట చొంగ, కాళ్లు వణుకుతున్నాయి. ఇంకో రెండు నిలబడలేక ఊగుతున్నాయి. కేక వేశాను. రాత్రి పొద్దుపోయాక ఇంటికి చేరిన మా ఆయన గోడ పట్టుకుని వచ్చి చూశాడు.

"ఏం పెట్టినావు వాటికి?"

చెప్పాను.

ఆయన తిట్టలేదు. ఒకే మాట అడిగాడు. "పాలు?"

నేను జవాబు చెప్పకముందే ఆయనకు అర్థమైంది. "డాక్టరమ్మకు నేను ఫోన్ చేస్తా. నువ్వు ప్రొద్దుటూరుకు పో. ఆ సీసా తీసుకుపో, యాడికి పోయినా చూపీయాల్సొస్తాది" అన్నాడు. పొద్దుటి పాలు పిండొద్దని, ఊర్లో ఇండ్లకు ఈ పొద్దు పాలు లేవని తనే పోయి చెప్తానని అన్నాడు.

దారి పొడుగునా పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బస్సులో పక్కనామె ఏమైందమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఒళ్లో కవరులో సీసా ఉంది.

నేను పోయేసరికి తలుపు తీసే ఉంది. పిల్ల వాకిట్లో చెప్పులు నీళ్లలో ముంచి ఆడుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. నేను ఆ గడప మీదే కూర్చున్నాను.

"ఏందమ్మీ, ఇంత పొద్దున్నే వచ్చినావు?" అని పెద్దమ్మ లోపల నుంచి వచ్చింది. "ఫోను ఛార్జింగు పెట్టినా, చూడలేదు."

"పాప నిన్న పాలు తాగిందా పెద్దమ్మా?"

"సగం గ్లాసు తాగింది. బాగలేవు అని పెట్టేసింది. మిగిలినవి ఫ్రిజ్జులో ఉండాయి. ఏం, యాలకు అడుగుతాండావు?"

చెప్పాను. ఏ మందు, ఎప్పుడు పూసింది, నల్ల మేక ఎట్లా పడి ఉందో అంతా చెప్పాను. ఆమె వింటూ వింటూ పిల్ల దగ్గరికి పోయి ఎత్తుకుంది. కళ్లు చూసింది, నోరు చూసింది. బురఖా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, "పద" అంది.

పిల్లల డాక్టరు సీసా మీద రాసింది చదివాడు. పిల్లను చాలాసేపు చూశాడు. "నిన్న సాయంత్రం తాగింది, ఇప్పటిదాకా ఏమీ కాలేదు కాబట్టి భయం లేదనే అనుకుంటున్నా. అయినా మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంచండి" అన్నాడు. మిగిలిన పాలు పారబోయమన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఇది చెట్ల మందమ్మా" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

మంచం పక్కన ఇద్దరమూ కూర్చున్నాం. పిల్ల సిస్టరు ఇచ్చిన బిస్కెట్లు తింటోంది. పదకొండు గంటలప్పుడు పెద్దమ్మ ఫోను మోగింది. కువైట్ నుంచి. పొద్దుటిపూట ఎప్పుడూ చేయదట, ఆ రోజు ఎందుకో చేసింది. తెర మీద తెల్లటి గోడ, ఆసుపత్రి మంచం కనబడగానే కూతురు గొంతు మారిపోయింది. వాళ్ల భాషలో గబగబా ఏదో అడిగింది. పెద్దమ్మ ఫోను నా చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు అమ్మీ."

ఆ కూతురి మొహం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. తలకు గుడ్డ కట్టుకుని ఉంది, వెనక ఎవరిదో వంటగది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ముందు పాప బాగుందని చెప్పి, తర్వాత మిగతాది చెప్పాను.

ఆమె చివరిదాకా వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అక్కా, ఈడ నేను వేరేవాళ్ల పిల్లోళ్లకు పాలు పడతాండా. పట్టే ముందు ఒకసారి వాసన చూస్తా. నువ్వు చూసినావా?"

"చూసినా."

"వచ్చిందా వాసన?"

పెద్దమ్మ నా వైపు చూస్తోంది. రాలేదని చెప్పొచ్చు. చెబితే నమ్మేవాళ్లు.

"వచ్చింది" అన్నాను.

"ఆ పాలు నువ్వు తాగినావా?"

ఆ సాయంత్రం బస్సెక్కే ముందు నేను టీ పెట్టుకున్నాను. క్యానులో పాలున్నాయి. నేను డికాక్షనే తాగాను. ఎందుకలా తాగానో ఆ నిమిషంలో నేను ఆలోచించలేదు. నా చెయ్యి ఆలోచించింది.

"ల్యా, తాగలేదు" అన్నాను.

ఆమె ఫోను పెట్టేసింది. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని బురఖా అంచుతో తుడుచుకుంది. మధ్యాహ్నం డాక్టరు ఇంటికి పంపించాడు. ఆటో ఎక్కేటప్పుడు పెద్దమ్మ నాతో అన్న మాట ఒకటే. "చెప్పడానికి వచ్చినావు. అది మాత్రం చేసినావు."

ఇంటికి పోయేసరికి కొట్టమంతా సబ్బు నీళ్లు. డాక్టరమ్మ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మా ఆయన కూర్చున్న చోటి నుంచే నీళ్లు అందిస్తుంటే, మేకలన్నిటినీ కడుగుతోంది. రెండింటికి సూదులు వేసింది, అవి బతికాయి. నల్ల మేక అప్పటికే చచ్చిపోయింది. దాని తోలు కూడా తీయనీయలేదు, లోతుగా పూడ్చమంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు ఈ మందు?" అని అడిగింది డాక్టరమ్మ. తోట మామ గట్టు మీద నిలబడి వింటున్నాడు. నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన కూడా నోరు తెరవలేదు. తర్వాత మా ఆయనతో, "నేను రోంత అని చెప్పినా కదప్పా" అన్నాడట.

అసలు వైద్యం అప్పుడు మొదలైంది. డాక్టరమ్మ చెప్పిందాంట్లో కొత్త సంగతి ఏమీ లేదు. ఓపిక కావాల్సిన సంగతులే అన్నీ. తాను చెప్పేదాకా పాలు ఎవరికీ పోయొద్దంది. మేకల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, చిక్కటి దువ్వెనతో రోజూ దువ్వమంది. మేకలు తేరుకున్నాక, పాడి మేకలకు వాడదగిన మందు తనే రాసిచ్చింది. ఏ మేకకు ఎంతో అక్కడే తూకం చూసి, కాగితం మీద రాసి, కొట్టం తలుపుకు అంటించింది. రెండు వారాలకు మళ్లీ వేయాలని, ఒక్కదాన్ని కూడా వదలొద్దని చెప్పింది. బండల సందుల్లో పిడుదులు దాక్కుంటాయి కాబట్టి పాత ఎరువంతా ఎత్తేసి, సందులు గీకి, సున్నం కొట్టమంది.

నేను సందులు గీకాను. మా ఆయన ఒక్కో మేకను తొడల మధ్య పట్టుకుని కత్తెరతో వెంట్రుకలు తీశాడు. జీవితమంతా స్టీరింగు పట్టిన చేతులు, కత్తెర పట్టి బొబ్బలెక్కాయి. ఒకరోజు దువ్వుతూ దువ్వుతూ ఆయనన్నాడు, "నేనుండి ఉంటే పూయనిచ్చేవాణ్ణి కాదు అనుకుంటాండావా? నేనూ పూసేవాణ్ణేమే. నాకూ విసుగే." ఆ మాటకు నేను కూర్చుని ఏడ్చాను. ఆయన కత్తెర ఆపలేదు.

పాలు పిండకపోతే పొదుగు వాస్తుంది. అందుకని రెండు పూటలా పిండేదాన్ని. పిండి, ఇంటికి దూరంగా తవ్విన గుంతలో పోసి మట్టి కప్పేదాన్ని. పాలు మట్టిలోకి ఇంకేటప్పుడు రోంతసేపు నురుగు పైన నిలబడేది. నేను చూడకుండా మట్టి లాగేదాన్ని. ఎన్ని రోజులు పోశానో లెక్క పెట్టలేదు.

పని పద్ధతి మారింది. ముందు పాలు, తర్వాతే మేకల ఒంటి మీద చెయ్యి. పాలు పిండేటప్పుడు ఒక చీర, దువ్వేటప్పుడు ఇంకో చీర. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మొదటి రెండు ధారలు విడిగా గిన్నెలోకి పిండి చూసి, తర్వాతే క్యానులోకి. వడగట్టే గుడ్డ రోజూ ఉడకబెట్టాలి. చెప్పుకుంటే నాలుగు మాటలు. చేసుకుంటే పూట గడిచిపోతుంది. మందు సీసాలు పాలగిన్నెలుండే గదిలోకి రాకుండా బయట గూడు కట్టాడు మా ఆయన.

డాక్టరమ్మ ఇంక పోసుకోవచ్చని చెప్పిన రోజు, మొదటి పాలు మేమిద్దరం తాగాం. తర్వాత ఊర్లో మూడిళ్లకూ పోయి జరిగింది చెప్పి, కావాలంటే పోస్తానన్నాను. రెండిళ్ల వాళ్లు పోయించుకున్నారు. మాపటేళ ప్రొద్దుటూరుకు పోయాను. పెద్దమ్మ కూర్చోమంది, టీ ఇచ్చింది. పాలు మాత్రం వద్దంది.

"బర్రెపాలల్లో నీళ్లు కలిపి అలవాటు చేస్తాండా. రోంత రోంత పడతాండాయి" అంది.

పిల్ల గడప మీద లేదు. లోపల టీవీ చూస్తోంది. క్యాను అట్లాగే వెనక్కి తెచ్చుకున్నాను. దాని బరువు పోయేటప్పటి కంటే ఎక్కువగా ఉందనిపించింది, అందులో చుక్క కూడా పెరగకపోయినా.

మరుసటి ఏడు ఎండాకాలంలో కూతురు సెలవు మీద వచ్చింది. ఒక సాయంత్రం పిల్లను తీసుకుని బస్సు దిగి, దారి అడుక్కుంటూ మా కొట్టం దగ్గరికి వచ్చింది. తలుపు దగ్గర నిలబడితే ఎవరో అనుకున్నాను. గొంతు విన్నాక గుర్తుపట్టాను.

"పని చేసుకో అక్కా. చూస్తా" అంది.

ఆమె బండ మీద కూర్చుంది. నేను చేతులు కడుక్కుని, పొదుగులు కడిగి, పిండడం మొదలుపెట్టాను. ఆమె చివరి మేక దాకా చూసింది. పిల్ల ఒక మేకపిల్ల చెవి పట్టుకుని తిరుగుతోంది. తలుపు మీద కాగితం దగ్గర ఆగి కూతురు అంతా చదివింది. పిండడం అయిపోయాక నేను గుడ్డ వేసి వడగట్టాను. పాలు ఇవ్వనా అని అడగాలని నాలుక చివర దాకా వచ్చింది. అడగలేదు.

"నువ్వు ఆ పొద్దు వాసన రాలేదని చెప్పుంటే, మా అమ్మ మళ్లా నీ దగ్గరే పోయించుకునేది" అంది ఆమె. "నాకు తెలుసు ఆమె సంగతి."

"తెలుసు" అన్నాను.

"ఆమెకు కోపం ల్యా అక్కా. భయం. నాకూ భయమే. నేను ఆడుంటా, పిల్ల ఈడుంటాది."

ఆమె చేతులు చూశాను. వేళ్ల మధ్య తోలు సబ్బులకు పగిలి ఎర్రగా ఉంది. నా చేతులూ అట్లాగే ఉన్నాయి. ఎప్పుడు లేస్తావని అడిగితే నాలుగు గంటలకంది. పండుకునేది ఎప్పుడని నేను అడగలేదు. రోంతసేపు ఇద్దరమూ అట్లాగే కూర్చున్నాం. నాకు ఆ రోజు అదే విశ్రాంతి. ఆమె బస్సు టైమైందని లేచి, పిల్ల చెయ్యి మేకపిల్ల చెవి నుంచి విడిపించి, కుళాయి దగ్గర సబ్బుతో కడిగించి తీసుకుపోయింది.

ఆ ఇంటికి మళ్లీ పాలు పోయలేదు. ఇప్పుడు ఆ పిల్ల బడికి పోతోంది. ఎప్పుడన్నా ప్రొద్దుటూరు బస్టాండులో పెద్దమ్మ కనబడితే పలకరిస్తుంది, మేకలెట్ల ఉండాయని అడుగుతుంది. బాగుండాయంటాను. అది నిజమే. వానలు పడ్డాక పిడుదులు మళ్లీ వస్తాయి. వచ్చిన రోజే జమ్మలమడుగు పోతాను, డాక్టరమ్మ చెప్పినన్ని రోజులు పాలు గుంతలో పోస్తాను. మా ఆయన మోకాళ్లకు ఇంకా నయం కాలేదు. నా నడుము కూడా.